ఎముకలో రాయి

జంగయ్య మొదటిసారి నా గదికి వచ్చిన రోజు అతని చేతిలో గ్రాఫు గీసిన రెండు కాగితాలున్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండింటినీ నా బల్ల మీద పక్కపక్కన పరిచి, "వీటికి తేడా ఏమిటో చెప్పగలరా మేడమ్?" అని అడిగాడు.

నేను కిడ్నీల డాక్టర్ని. పేరు మెహరున్నీసా. హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక పరిశోధన ఆసుపత్రిలో పనిచేస్తాను. అలాంటి గ్రాఫులు చదవడం నా పని కాదు గానీ కొంచెం తెలుసు. ఒక పదార్థాన్ని పొడి చేసి దానిలోకి ఎక్స్‌రే కిరణాలు పంపితే, లోపల అణువులు ఎలా పేర్చుకుని ఉన్నాయో దాన్ని బట్టి కాగితం మీద గీతలు లేస్తాయి. మనిషికి వేలిముద్ర లాగా ఏ పదార్థం గీతలు దానివే. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. గీతలు దాదాపుగా ఒకే చోట లేచాయి.

"పెద్ద తేడా ఏం లేదు," అన్నాను.

"ఒకటి మా ఫ్యాక్టరీకి ఓడలో వచ్చిన రాయి. రెండోది మా అక్క తుంటి ఎముక."

అప్పుడు కూర్చున్నాడు.

తూర్పు తీరంలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా అతను కెమిస్టు. దూరదేశాల గనుల్లోంచి భాస్వరపు రాయి ఓడల్లో వస్తుంది. దాన్ని పిండి చేసి, గంధకామ్లం పోసి ఉడికిస్తే ఫాస్ఫారిక్ ఆమ్లం దిగుతుంది. చిక్కగా, తేనెలా జారుతుంది. దాని గురించి మాట్లాడేటప్పుడు అతని ముఖం కన్నబిడ్డల గురించి చెప్పుకునే వాళ్ళ ముఖంలా మారిపోయేది. పొలంలో ఎరువు దానితోనే. తుప్పు పట్టిన ఇనుము మీద పూస్తే తుప్పును నల్లటి గట్టి పొరగా మార్చేస్తుంది. బాగా పలచన చేసి కూల్‌డ్రింకుల్లో పులుపు కోసం కలుపుతారు. పళ్ళ డాక్టర్లు సిమెంటు పట్టుకోవడానికి పంటి మీద ముందు రాసేది అదే. మన ఎముకలో గట్టిదనమంతా ఆ ఆమ్లం సున్నంతో కలిసి ఏర్పడిన లవణమే.

"అయితే ఆ రాయిలో ఇంకొకటి కూడా ఉంటుంది మేడమ్. ఫ్లోరిన్. ఆమ్లం తీయాలంటే ముందు దాన్ని బయటికి తరమాలి. ఇరవై ఏళ్ళుగా నేను చేసిన పని అదే. రాయిలోంచి ఫ్లోరిన్‌ని వెళ్ళగొట్టడం."

నాది మిర్యాలగూడ. కాలవ నీళ్ళ వైపు పుట్టినదాన్ని. అదే జిల్లాలో మెట్ట వైపు ఊళ్ళలో బోరు నీళ్ళలో ఆ ఫ్లోరినే ఫ్లోరైడ్ రూపంలో ఉంటుందని, తాగినవాళ్ళ ఎముకలు ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుపోయి మనుషులు కొడవళ్ళలా వంగిపోతారని చిన్నప్పటి నుంచీ చూసినదాన్నే. కానీ ఆ ఎముకలు ఎక్కడో గనిలో దొరికే రాయిగా మారిపోతాయని, 'బొక్కలు రాళ్ళయినయ్' అని అక్కడివాళ్ళు అనే మాటకు ఇంత నిక్కమైన అర్థం ఉందని ఆ రోజు వరకూ నాకు తెలీదు.

"ఫ్యాక్టరీలో రాయికి చేసిన పని, బతికున్న ఎముకకు చేయొచ్చా?" అన్నాను.

"దానికే వచ్చాను," అన్నాడు జంగయ్య. "ఎముకలోంచి బయటికొచ్చిన ఫ్లోరైడ్ అంతా కిడ్నీల మీదుగానే పోవాలి. మీరు లేకుండా నేను మొదలుపెట్టలేను."

*

నెల తర్వాత అతనితో కలిసి మెట్ట వైపున్న వాళ్ళ ఊరు ఎర్రగుంటగూడెం వెళ్ళాను. అతని అక్క అండాలు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని మోదుగాకులతో విస్తర్లు కుడుతోంది. చిన్న చిన్న పుల్లలు గుచ్చుతూ ఆకు మీద ఆకు కలిపే వేళ్ళు గబగబా కదులుతున్నాయి. మిగతా ఒళ్ళంతా కదలికే లేదు. వీపు నడుము దగ్గర మొదలై ఒకే వంపుగా మెడ దాకా వంగిపోయింది. ముఖం నేలవైపే. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి.

"ఎవరొచ్చిండ్రు జంగయ్యా? చెప్పులు చూస్తె ఆడమనిషి లెక్కనే ఉన్నది," అంది.

"పట్నం డాక్టరమ్మ అక్కా."

"కూసోమను. నువ్వే చాయ పెట్టు. నేను లేచే వరకు ఆమె వాపస్ పోతది."

నవ్వుతూనే అంది. యాభై ఆరేళ్ళ మనిషి. ముప్పై మూడేళ్ళ వయసులో మెడ పట్టేసింది. తర్వాత ఏడేళ్ళలో వెన్ను మొత్తం గట్టిపడింది. పోయిన ఏడు జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్లో తీసిన ముక్కనే జంగయ్య డాక్టర్ని అడిగి తెచ్చుకున్నాడు. ఆమె వెల్లకిలా పడుకుని ఇరవై మూడేళ్ళయింది. గోడకు ఆనుకుని ఒక పక్కకు ఒరిగి నిద్రపోతుంది.

ఇప్పుడు తాగే నీళ్ళ గురించి అడిగాను.

"నల్లా నీళ్ళొచ్చినయ్ డాక్టరమ్మా. కృష్ణ నీళ్ళు. మంచియే. నీళ్ళు మారినయ్, బొక్కలే మారలే," అని మోకాలి ఎముక మీద తట్టుకుంది.

నేను ఆమె ముందు నేల మీద కూర్చుంటే తప్ప ఆమెకు నా ముఖం కనిపించలేదు. కూర్చున్నాక చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మనం ఎదుటి మనిషి ముఖాన్ని రోజుకు ఎన్నిసార్లో చూసి మర్చిపోతాం. ఆమె అలా చూడలేదు.

*

జంగయ్య కనిపెట్టినదాన్ని మేం వలయామ్లం అని పిలిచేవాళ్ళం. ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని లవణంగా మార్చి బాగా కాచి, దానిలోని నీటిని వెళ్ళగొడితే అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుంటాయి. కొన్ని గొలుసులవుతాయి. మూడు అణువులు చుట్టూ చేతులు కలిపితే వలయమవుతుంది. ఆ వలయాన్ని ఫ్లోరైడ్ తెంచగలదని కెమిస్టులకు ముందే తెలుసు. కాకపోతే కొలిమిలో ఉండేంత వేడి కావాలి. జంగయ్య నా దగ్గరికి రాకముందే మూడేళ్ళు కష్టపడి ఆ వలయాన్ని కాస్త మెలితిప్పాడు. అదే అతని విద్య. మెలితిరిగిన వలయం మన ఒంటి వేడికే, ఫ్లోరైడ్ తగిలిన చోట మాత్రమే తెగుతుంది. తెగినప్పుడు ఒక అణువు ఫ్లోరిన్‌ని పట్టుకుని రక్తంలోకి వెళ్ళిపోతుంది. మిగిలిన రెండూ అక్కడే ఉండిపోయి, కొత్త ఎముకకు కావలసిన భాస్వరం అవుతాయి.

ఎముక మీద అది మొదటిసారి పనిచేసినప్పుడు, మా ఆసుపత్రి ల్యాబులో, నేను పక్కనే ఉన్నాను. ఎర్రగుంటగూడెంలోనే చచ్చిపోయిన ఒక మేక కాలి ఎముకను పలచగా కోసి గాజు గ్లాసులో వేలాడదీశాడు. తెల్లగా, సుద్దముక్కలా ఉంది. వలయామ్లం పోశాడు. ఏ పొంగూ రాలేదు, రంగూ మారలేదు. గంట తర్వాత పట్టకారుతో బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే లేత మునక్కాయలా వంగింది. మళ్ళీ దాన్ని సున్నపు ద్రావణంలో వారం రోజులు ఉంచాం. గట్టిపడింది. గ్రాఫు తీశాం. గీతలు పక్కకు జరిగాయి. అవి రాతి గీతలు కావు, ఎముక గీతలు.

జంగయ్య ఆ కాగితాన్ని పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఎండలో నిలబడి దాన్నే చూస్తున్నాడు. నేను పిలవలేదు.

తర్వాత బతికున్న మేకలు. ఆ ఊళ్ళ నుంచే, ఆ నీళ్ళు తాగినవే ఆరు తెచ్చాం. వాటిలో రెండు ముసలివి. ఒకటైతే మోకాళ్ళు బిగుసుకుపోయి పొట్ట నేలకు ఆనించుకుని దేకేది. ముప్పై రోజులు సిరలోకి మందు ఎక్కించాం. ఆ ముప్పై రోజులూ ఎముకలు మెత్తబడి ఉంటాయి కాబట్టి గోనెసంచుల ఊయలలో వేలాడదీసి ఉంచాం. కాళ్ళను రోజుకు కొంచెం చొప్పున సాగదీసి కట్టేవాళ్ళం. ఇంకో నెల పాటు గట్టిపడనిచ్చాక ఊయల విప్పాం.

అది కాసేపు నిలబడింది. ఒక కాలు ఎత్తి చూసుకుంది. మరో కాలు ఎత్తింది. నడిచింది. తర్వాత ఆవరణలో ఉన్న నీళ్ళ సంపు గోడ మీదికి ఒక్క గెంతున ఎక్కి నిలబడింది. పక్క భవనంలో పనిచేసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, వంట మనిషి అందరూ బయటికొచ్చారు. ఆ మేక అక్కడి నుంచి మా అందరినీ చూస్తూ నెమరు వేసుకుంది.

నాలుగు నెలలకు అది చనిపోయింది. కిడ్నీలు కోసి సూక్ష్మదర్శినిలో చూశాను. గుడ్డ జల్లెడ లోంచి గాజు పెంకులు జార్చినట్టున్నాయి. ముప్పై రోజుల్లో ఎముకలోంచి దిగిన ఫ్లోరైడ్ వాటిని తినేసింది. ఆరు మేకల్లో చిన్న వయసువి నాలుగు తట్టుకున్నాయి. ముసలివి రెండూ పోయాయి.

"నెమ్మదిగా ఎక్కిస్తే?" అన్నాడు జంగయ్య.

"ఎంత నెమ్మదిగా?"

లెక్క వేసుకున్నాడు. కిడ్నీలకు ఏ ఇబ్బందీ లేనంత నెమ్మదిగా అయితే ఏడేళ్ళు పడుతుంది. కానీ అలాగైతే ఒకవైపు మెత్తబడుతుంటే ఇంకోవైపు గట్టిపడుతూ ఉంటుంది. ఎముక శుభ్రపడుతుంది గానీ వంపు పోదు. వంపు పోవాలంటే మొత్తం ఒకేసారి మెత్తబడాలి.

*

మనుషుల మీద పరీక్షకు అనుమతులు రావడానికి పదకొండు నెలలు పట్టింది. అండాలు తనే ముందు వస్తానంది. రక్తపరీక్ష చేశాను. ఆమె కిడ్నీలు అప్పటికే సగం పనే చేస్తున్నాయి. నేను వద్దన్నాను. జంగయ్య రిపోర్టు తీసుకుని అంకెలు మళ్ళీ చదివాడు. ఏడేళ్ళ పద్ధతి ఆమెకు పనికిరాదని అతనికి తెలుసు, మనుషులకు మేం లెక్కగట్టిన నలభై రోజుల పద్ధతి ప్రమాదమనీ తెలుసు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. పోల్చి చూడడానికి అదే ఊళ్ళో పుట్టిన, ఆ జబ్బు లేని మనిషి ఎక్స్‌రే కావలసి వచ్చింది. జంగయ్య తనదే తీయమన్నాడు. ఫిల్ము చూశాను. ఎక్కడా మచ్చ లేదు. పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది.

"మీరు ఎన్నేళ్ళ దాకా ఊళ్ళో ఉన్నారు?"

"పదో ఏడు దాకా. తర్వాత హాస్టల్లో చేరాను. అందుకే బతికిపోయాను."

"ఏదీ, నోరు తెరవండి."

తెరిచాడు. పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

"జంగయ్యగారూ, ఎనిమిదేళ్ళలోపు ఆ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. మీ ఊళ్ళో మీ వయసు వాళ్ళందరికీ ఉన్నాయి, నేను చూశాను. మీకు లేవు. చిన్నప్పుడు మీరు ఆ నీళ్ళు తాగలేదు."

అతనికి అర్థం కాలేదు. ఆ ఊళ్ళో అందరికీ దిక్కు ఒక్కటే బోరింగ్. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వెళ్దామన్నాడు, నేనూ వెళ్ళాను. అండాలు అరుగు మీదే ఉంది.

"అక్కా, నేను చిన్నగున్నప్పుడు ఏ నీళ్ళు తాగిన?"

"ఏం నీళ్ళేందిరా?"

"బోరింగ్ నీళ్ళు కాదంట. ఇంకేమన్న నీళ్ళున్నయా అప్పుడు?"

అండాలు చేతిలో ఆకు ఆపి ఆలోచించింది. "చెలిమె నీళ్ళు తాగినవ్. మనల గన్న అవ్వ సచ్చిపోయినప్పుడు నీకు ఎనిమిది నెలలు. నాయిన బొంబాయికి కూలికి పోయేటోడు. బోరింగ్ నీళ్ళు నోట్ల పోస్తె ఉమ్మేటోనివి. ఎంత పోసినా ఉమ్మేటోనివి. వాగుల ఇసుక తవ్వితె చెలిమెల తియ్యటి నీళ్ళూరేటియి. అవి పోస్తె గటగట తాగినవ్. ఇగ రోజు పోయి ఒక బిందె తెచ్చేదాన్ని."

"ఎంత దూరం అది?" నేను అడిగాను.

"రెండు కోసులుంటది. పొద్దుగాల పోతె బడి గంట కొట్టే యాళ్ళకు వచ్చేదాన్ని."

"నువ్వు తాగలేదా ఆ నీళ్ళు?"

"ఒక్క బిందె డాక్టరమ్మా. వీడు తాగంగ, వీనికి గంజి కాయంగ అయిపోయేటియి. నాకు బోరింగ్ నీళ్ళు కూడ మంచిగనే అనిపించేటియి." మళ్ళీ పుల్ల గుచ్చింది. "వీడే జర మొండోడు."

అంతే. అందులో ఆమెకు చెప్పుకోదగ్గ సంగతేమీ కనబడలేదు. పదేళ్ళ పిల్ల తొమ్మిదేళ్ళ పాటు రోజూ నాలుగు కోసులు, అంటే పన్నెండు కిలోమీటర్లు నడిచింది, తమ్ముడు నీళ్ళు ఉమ్మేస్తున్నాడని. ఏ నీళ్ళలో ఏముందో ఆమెకు తెలీదు. నేను జంగయ్య వైపు చూశాను. అతను అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, నిటారైన వీపు, తెల్లటి పళ్ళు. ఆ ఒంట్లో ప్రతి ఎముకనూ ఆమె బిందెతో మోసి కట్టింది.

"అక్కా, ఈ మందు నీకొద్దు," అన్నాడు. "కిడ్నీలు పోతె రక్తం కడిగే మిషన్ మీద పండవెట్టాలె."

"పండవెట్టుడంటె, వెల్లకిలనా?"

"ఆ."

"మరి ఇంకేంది? ఇప్పుడు అట్ల పండుకుందమంటె కూడ అయితలేదాయె."

నేను ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. మేక సంగతి చెప్పాను. ప్రాణం పోవచ్చని చెప్పాను. మధ్యలో ఆపాల్సి రావచ్చని, ఆపితే అప్పటికి ఎలా ఉంటే అలాగే గట్టిపడిపోతుందని చెప్పాను. అన్నీ విని, "మా ఊర్లె నా లెక్క ఇంక నలభై మందున్నరు. సగం మంది పడుసోళ్ళు. ముందుగాల ఒకరి మీద చూడాలె కదా. పడుసోళ్ళ మీద ఎందుకు? నా మీద చూడున్రి," అంది. వేలిముద్ర వద్దని, తన పేరు తనే రాస్తానని ఒప్పుకోలు కాగితం అడిగింది. అరుగు మీద వంగి కూర్చునే ఒక్కో అక్షరం దిద్దింది.

*

ఆమె కోసం చేయించిన పరుపు మామూలుది కాదు. ఇసుక నింపిన అరలు. ఆమె వంపుకు సరిగ్గా సరిపోయేలా అమర్చాం. రోజుకు ఒక అర నుంచి గుప్పెడు ఇసుక తీసేవాళ్ళం. ఎముక మెత్తబడే కొద్దీ ఒళ్ళు తన బరువుకు తనే నెమ్మదిగా దిగాలి. చేతితో తిప్పకూడదు, లాగకూడదు.

మొదటి ఎక్స్‌రేలో ఆమె వెన్ను సుద్దతో గీసినట్టు తెల్లగా, ఎముకకూ ఎముకకూ మధ్య సందు లేకుండా, ఒకే కడ్డీలా ఉంది. ఎనిమిదో రోజుకు ఆ తెలుపు కాస్త మసకబారింది. పదమూడో రోజు ఫిల్ములో సన్నటి నల్లటి గీత కనిపించింది. ఒక వెన్నుపూసకూ ఇంకో వెన్నుపూసకూ మధ్య సందు. జంగయ్య వేలితో దాన్ని తాకి చూశాడు. తర్వాత రోజుకొకటి చొప్పున తలుపులు తీసినట్టు సందులు తెరుచుకున్నాయి. నేను ముప్పై ఏళ్ళుగా డాక్టర్ని. శరీరం పాడవుతుంటే ఎక్స్‌రేలో చూశాను, ఆగిపోవడం చూశాను. తిరిగి మొదలవడం చూడలేదు. నా డ్యూటీ అయిపోయాక కూడా ఆ ఫిల్ములు పెట్టే లైటు డబ్బా ముందు నిలబడి ఉండేదాన్ని.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం అండాలు తల దిండుకు ఆనింది. కళ్ళు పైకి తెరిచి ఉన్నాయి.

"ఏం చూస్తున్నారమ్మా?" అన్నాను.

"ఫ్యాను తిరుగుతుంది," అంది. రెక్కల వెంట కళ్ళు తిప్పుతూ, "గాలి తగిలేది గని, ఇన్నేండ్లు అది యాడికెళ్ళి వస్తదో కనవడకపాయె," అంది.

ఇరవై రెండో రోజు మెడ పక్కకు తిప్పింది. అటు, ఇటు. అప్పుడు వచ్చే చప్పుడు ఎండిన కట్టె విరిగినట్టు ఉంటుందని భయపడ్డాను. ఏ చప్పుడూ రాలేదు. పసిపిల్ల తల తిప్పినట్టే తిప్పింది. గదిలో నలుగురం ఉన్నాం. ఎవరి ముఖం ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక్కొక్కరినీ చూసింది. తమ్ముడి దగ్గర ఆగింది. "నీ జుట్టు నెరిసింది కదరా," అంది.

ఇరవై ఆరో రోజు ఉదయం పెదవులు తిమ్మిరిగా ఉన్నాయంది. పదకొండింటికి రెండు చేతుల వేళ్ళూ బిగుసుకుని లోపలికి ముడుచుకున్నాయి. రక్తంలోకి దిగిన ఫ్లోరైడ్ అక్కడి సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పట్టేసుకుంటోంది. కాల్షియం ఎక్కించాను. వేళ్ళు విడిచాయి, మళ్ళీ ముడుచుకున్నాయి. ఇసిజిలో గుండె గీత పొడవవుతోంది, లయ తప్పేలా ఉంది. మూత్రం దాదాపు ఆగిపోయింది.

"ఆపాలి," అన్నాను.

జంగయ్య అప్పటికే ఎక్స్‌రే చూసి ఉన్నాడు. మెడ, వీపు పైభాగం తెరుచుకున్నాయి. నడుము, తుంటి ఇంకా సగమే. ఇంకో పద్నాలుగు రోజులు అయితే మొత్తం.

"ఒక్క రోజు మేడమ్. మోతాదు సగం చేద్దాం."

"జంగయ్యగారూ, ఆమె చేతులు చూడండి."

అతను చూశాడు. ముడుచుకుపోయిన వేళ్ళ మీద తన చేయి వేసి విప్పడానికి ప్రయత్నించాడు. విడలేదు. లేచి వెళ్ళి తన చేత్తోనే మందు గొట్టం బిరడా తిప్పి కట్టేశాడు. తర్వాత నాతో, "మళ్ళీ తెరవమని నేను అడిగినా తెరవనివ్వకండి," అన్నాడు.

మూడు రోజులు ఆమె ఉంటుందో లేదో తెలీలేదు. మిషన్ మీద పెట్టి రక్తం కడిగాం. నాలుగో రోజు మూత్రం వచ్చింది. ఏడో రోజు అన్నం అడిగింది. కానీ ఈలోగా ఎముక తన పని మొదలుపెట్టింది. ఎక్కడికి వచ్చి ఆగిందో అక్కడే గట్టిపడింది.

ఆమెకు ఆ మాట జంగయ్యే చెప్పాడు. నడుము దగ్గర వంపు అలాగే ఉండిపోతుందని, మళ్ళీ మందు ఇవ్వడానికి వీల్లేదని, కిడ్నీలు ఇక పాతికవంతే పనిచేస్తాయని.

అండాలు తల పక్కకు తిప్పి అతన్నే చూస్తూ విన్నది. "నువ్వు చెప్పుకుంట తల కిందికేసినవ్. ఇంతకుముందైతె నాకు తెలుస్తుండెనా?" అంది. ఆ తర్వాత అతని తల మీద చేయి వేసింది.

*

ఆ ఇరవై ఆరు రోజుల్లో ఆమె ఒంట్లో జరిగిన ప్రతి మార్పూ మా దగ్గర రాసి ఉంది. దాన్నే నేనూ జంగయ్యా ఏడాదిన్నర పాటు మళ్ళీ మళ్ళీ చదివాం. ఫ్లోరైడ్ ఒక్కసారిగా దిగింది ఎప్పుడు, కిడ్నీలు అలిసిపోయింది ఎప్పుడు అన్నది ఆమె రక్తమే చెప్పింది. మూడు రోజులు మందు ఎక్కించి నాలుగో రోజు ఆపితే కిడ్నీలు కోలుకుంటాయి, ఆ ఒక్క రోజులో ఎముక గట్టిపడిపోదు. ఇంత చిన్న సంగతి. అది ముందే తెలిసి ఉంటే ఆమె నడుము కూడా తెరుచుకునేది. ఈ మాట ఎన్నిసార్లు మనసులోకి వచ్చినా, ఆమె ఆ పరుపు మీద పడుకోకుండా అది మాకు తెలిసే దారేదీ లేదన్నది కూడా దాని వెంటే వస్తుంది.

రెండో మనిషిగా చంద్రకళ వచ్చింది. అదే ఊరు. ఇరవై ఎనిమిదేళ్ళు. మంచి కిడ్నీలు. పద్నాలుగేళ్ళకే నడుము వంగిపోయింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి నడిచేది. సంతకం పెట్టాల్సిన రోజు భయపడి వెనక్కి వెళ్ళిపోతానంది. అండాలు కిడ్నీల్లో ఆ పాతికవంతూ తగ్గిపోయి, అప్పటికి వారానికి ఒకసారి మా దగ్గరికే మిషన్ కోసం వస్తోంది. "నేనుంట నీ పక్కపొంటి," అంది. నిజంగానే ఉంది. మధ్యమధ్య ఆపిన రోజులతో కలిపి యాభై మూడు రోజులు ఇసుక పరుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తిమ్మిరి ఎక్కడ మొదలవుతుందో ఆమెకు మాకంటే ముందు తెలిసేది. పెదవి చివర జివ్వుమంటుందా అని అడిగేది. అవునంటే నన్ను పిలిచేది. రెండుసార్లు అలా పిలిచింది. రెండుసార్లూ ఆమె మాటే నిజమైంది, సమయానికి కాల్షియం ఎక్కించగలిగాం.

మందు ఆపాక ఇంకో ఆరు వారాలు గట్టిపడనిచ్చాం. చంద్రకళను నిలబెట్టాల్సిన రోజు ఉదయం వార్డులో ఎండ బాగా పడుతోంది. నర్సులిద్దరు చెరో భుజం పట్టుకున్నారు. జంగయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. ఎదురుగా అండాలు చేతికర్ర పట్టుకుని నిలబడింది, నడుము దగ్గర వంగి.

చంద్రకళ పాదాలు నేల మీద పెట్టింది. చేతులు అలవాటు కొద్దీ మోకాళ్ళ వైపు వెళ్ళాయి. అక్కడ ఆనించాల్సిన అవసరం లేదని వాటికి తెలియడానికి కొంతసేపు పట్టింది. ముందు మోకాళ్ళు చాచుకున్నాయి. తర్వాత నడుము, తర్వాత వీపు, తర్వాత మెడ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పైకి లేచాయి. నర్సులు చేతులు వదిలేశారు. ఆ పిల్ల వాళ్ళిద్దరికంటే ఎత్తుగా ఉంది. ఎవరూ అనుకోలేదు. పద్నాలుగేళ్ళ నుంచీ ఆమె ఎత్తు ఎంతో ఆమెతో సహా ఎవరికీ తెలీదు.

జంగయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అండాలు కర్ర మీద బరువు ఆనించి ఒక అడుగు ముందుకు వేసింది. తల ఎత్తింది. చంద్రకళ మెడ దాకా, గడ్డం దాకా, కళ్ళ దాకా, పైన జుట్టు దాకా చూపు పాకించి చూసింది.

"ఎంత పొడుగున్నవే పిల్లా," అంది.

చంద్రకళ ఆమెను చూడడానికి తల కిందికి వంచింది.

"వంచకు," అంది అండాలు. "అట్లనే ఉండు. నాకు కనవడుతున్నవ్."